మోకాళ్ళకు గోనెపట్టీ, మిగతా ఒంటికి భయం

మా మేనత్త పోయింది. ముప్కాల్ బడిలో ఐదో తరగతి పిల్లలకు భాగహారాలు చెబుతుంటే, ఆర్మూర్ నుంచి మా ఇంటి పక్కాయన మోపెడ్ మీద వచ్చి, తరగతి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. బడి గుమ్మం ముందు చెప్పులు విడిచే మనిషి మంచి కబురు తేడని నాకు అప్పుడే తెలిసిపోయింది. "సారూ, మీ అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగింది, గోడకు ఒరిగింది, గంతే" అన్నాడు. ఆయన వెనకాల మోపెడ్ మీద కూర్చుని, ఆర్మూర్ వచ్చేదాకా ఆయన చొక్కా వదల్లేదు. నేను భయస్తుణ్ణి. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నాలో ఉన్న ఆ కొంచెం భయం మా అత్త పెట్టిందే. నేను ఈ రోజు రెండు కాళ్ళ మీద నడుస్తున్నానంటే దాని పుణ్యమే.

ఆమెను మించిన పిరికి మనిషిని నేను చూడలేదు. కరెంటు స్విచ్చి వేయాలంటే చీరకొంగు చేతికి చుట్టుకునేది. లారీ వస్తుంటే రోడ్డు దిగి, అది పోయాక దుమ్ము అణిగేదాకా కదిలేది కాదు. దుబాయిలో పనిచేసే మా బాపు ప్రెషర్ కుక్కర్ తెచ్చినప్పటి నుంచి, పొయ్యి మీద అది ఉన్నంతసేపూ అత్త వాకిట్లోనే. అమ్మ బీడీలు చుడుతూ నవ్వేది. "వదినె, గది పులి గాదు, లోపటికి రా" అనేది. "పులి నయం. అది ముందు గాండ్రిస్తది. గిది చెప్పకుండ కూస్తది" అని అత్త అక్కడి నుంచే జవాబిచ్చేది. ఆమె చిన్న వయసులోనే భర్త పోయి, పిల్లలు లేక, తమ్ముడి ఇంటికి వచ్చేసింది. గంజ్‌లో, అంటే పసుపు మార్కెట్లో, బస్తాల మూతులు కుట్టేది. దబ్బనం, సుతిలి తాడు చేతిలో ఉంటే మాత్రం ఆమె వేళ్ళు వణికేవి కావు.

నేను పదో తరగతి రాసిన వేసవిలో బాపు సెలవు మీద వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఊడదీసిన సైకిల్ ఉంది. లావు టైర్లు, వాటి నిండా గుబ్బలు, హ్యాండిల్ దగ్గర గేర్లు. ఆర్మూర్‌లో అట్లాంటిది అంతకు ముందు ఎవరూ చూడలేదు. బాపు తిరిగి పోయాక నా దోస్తు ఒకడు, "గిసొంటి సైకిల్‌ను సాపు రోడ్డు మీద తొక్కుతె దాని ఇజ్జత్ పోతది రా" అన్నాడు. దాంతో మా చూపు సిద్ధుల గుట్ట మీద పడింది. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉండే గుట్ట అది. వెనక వైపు గొర్లకాపరుల బాట ఉంది. సైకిల్ తోసుకుంటూ ఎక్కడం, తొక్కుతూ దిగడం. దిగేటప్పుడు పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఆ భయం అప్పుడు తియ్యగానే ఉండేది.

గంజ్ హమాలీల ద్వారా ఆ సంగతి అత్తకు తెలిసింది. ఇంటికి వచ్చి గడప మీద కూలబడింది. కాళ్ళు విరిచి మూల పెడుతుందేమో అనుకున్నాను. ఆమె నన్ను వద్దనలేదు.

"వద్దంటె దొంగతనంగ పోతవు అల్లుడా. దొంగతనంగ పోయెటోడు ఒంటికి ఏం కట్టుకోడు. రా, కొలత ఇయ్యి."

అప్పటి నుంచి మొదలైంది. పాత పసుపు బస్తాలు కోసి, లోపల పత్తి కూరి, దబ్బనంతో కుట్టి మోకాళ్ళకు పట్టీలు చేసింది. వాటిని సుతిలితో కట్టేది. తర్వాత మోచేతులకు. మర్నాడు అరచేతులకు. ఒక్కో రోజు పొద్దున లేచి, రాత్రి తనకు వచ్చిన కల చెప్పేది. కలలో నేను ఎట్లా పడితే ఆ చోటికి కొత్త పట్టీ తయారయ్యేది. అట్లా రొమ్ముకు ఒకటి, వీపుకు ఒకటి, నడుముకు ఒకటి వచ్చాయి. తలకు బాపు వదిలిపోయిన కంపెనీ టోపీ, పచ్చటి ప్లాస్టిక్‌ది. లోపల పాత చీర పేలికలు కుక్కి, గడ్డం కింద ముడి వేసేది. నన్ను చూసి గంజ్‌లో హమాలీలు, "గీ బస్తా యేడికెల్లి వచ్చిందయా, తూకం అయిందా?" అని అరిచేవాళ్ళు. నా దోస్తు ఒంటి మీద బనీను తప్ప ఏమీ ఉండేది కాదు. వాడి పక్కన నేను నడుస్తుంటే నాకు చచ్చేంత సిగ్గు.

ఆ పట్టీలన్నీ కట్టుకుని మొదటి రోజు నేను గుట్ట దాకా కూడా పోలేదు. గంజ్ గేటు దగ్గర మేక అడ్డం వస్తే బ్రేకు వేశాను. కాలు దింపుదామంటే మోకాలు మడత పడలేదు. నిలబడ్డ చోటే, నింపాదిగా, నిండు బస్తా ఒరిగినట్టు పక్కకు ఒరిగాను. మేక నన్ను వాసన చూసి పోయింది.

వెనకాలే వచ్చిన అత్త నన్ను లేపింది. తిడుతుందనుకున్నాను. ఆమె నా ఒంటి మీదివి ఒక్కొక్కటే విప్పి తాను కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు గంజ్‌కు సెలవు, మార్కెట్లో పసుపు ఆరబోసే సిమెంటు చప్టా అంతా ఖాళీ. చీర కచ్చ పోసి, రొమ్ముకు, వీపుకు, మోకాళ్ళకు పట్టీలు బిగించి, నెత్తిన టోపీ పెట్టి, "పట్టుకో, ఎక్కుత" అంది. కుక్కర్‌కు భయపడే మనిషి! సీటు నేను పట్టుకున్నాను, హ్యాండిల్ దోస్తు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలుస్తూ చప్టా ఈ చివర నుంచి ఆ చివరికి తొక్కింది. దిగాక చెమటలో పసుపు కరిగి మెడ మీదుగా కారుతోంది. టోపీ ముడి విప్పుకుంటూ చెప్పింది.

"అల్లుడా, గివన్ని కట్టుకుంటె నా కాలు నాకే కనబడ్త లేదు. కాలు యాడుందో తెల్వనోడు యాడ కాలు పెడ్తడు? ఎక్కువ కట్టుడు గూడ పడగొట్టుడే."

రొమ్ముది, వీపుది, నడుముది అప్పుడే తీసేసింది. మోకాళ్ళవి మాత్రం ఇంకా లావు చేసింది. వాటి మీద ఆమెకు గురి.

గుట్ట మీద జాతర దగ్గర పడింది. పైన గుడికి పోయే మెట్లకు సున్నం కొడుతున్నారు. గొర్ల బాట వచ్చి మెట్లను కలిసే చోట సున్నం నీళ్ళు మడుగు కట్టాయి. నేను పై నుంచి వస్తూ ఆ తెల్లదనం చూసి బెదిరి, ముందు బ్రేకు పట్టాను. సైకిల్ ఆగింది, నేను ఆగలేదు. లేచేసరికి పైనుంచి కిందిదాకా సున్నమే. ఎడమ మోకాలి పట్టీ ఎర్రగా మారుతోంది. నేను అరవబోయాను. దోస్తు పగలబడి నవ్వాడు. "నెత్తురు గాదు రా పిచ్చోడా, పసుపుకు సున్నం తాకింది!" అన్నాడు.

పసుపు మీద బతికే ఊళ్ళో పుట్టినవాడెవడైనా అదే అంటాడు. పసుపు, సున్నం కలిస్తే ఎరుపు, పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ తెలివే మమ్మల్ని ముంచబోయింది. నాకూ పెద్దగా నొప్పి తెలియలేదు. కాలు మొద్దుబారినట్టు ఉందంతే. సైకిల్ తోసుకుంటూ గంజ్ దాకా నడిచి వచ్చాను. హమాలీలు చుట్టూ చేరి, "పెండ్లికొడుకు పారాణి పెట్టుకొని వచ్చిండు రో!" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉంటే కళ్ళ ముందు చప్టా మెల్లగా తిరిగింది.

నవ్వనిది ఒక్క అత్తే. దబ్బనం పడేసి పరుగెత్తుకొచ్చింది. ఒక హమాలీ, "జర విప్పి చూద్దాం తియ్ అక్కా, ఏం గాలే" అని సుతిలి ముడి మీద చెయ్యి వేశాడు. ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. "విప్పకుండ్రి! ఎవలు విప్పకుండ్రి!" రెండు చేతులూ పట్టీ మీద పెట్టి అదిమి, ముఖం పక్కకు తిప్పుకుంది. బస్తాలు మోసే ఠేలా మీద నన్ను పడుకోబెట్టి దవాఖానకు తోశారు. దారంతా ఆమె ఆ చేతులు తీయలేదు, అటు చూడలేదు. పక్కన పరుగెత్తుతూ ఏడ్చింది.

దవాఖానలో డాక్టరు సుతిలి కోయగానే నెత్తురు ఆయన చొక్కా మీదికి చిమ్మింది. బండ అంచు పట్టీ కింది నుంచి లోతుగా దిగింది. పట్టీ అంత బిగువుగా కట్టి ఉండబట్టి, పైన ఆ చేతులు ఉండబట్టి, అప్పటిదాకా ఆగింది. కుట్లు వేశాక డాక్టరు, "దారిలో విప్పొద్దన్నది ఎవరు?" అని అడిగాడు. అందరూ అత్త వైపు చూశారు. ఆమె తప్పు చేసినదానిలా గోడకు నక్కింది. "నాకేం తెల్సు సారూ. విప్పితె చూడాలె గద. చూస్తానికి భయమైంది" అంది.

కాలు మానింది. నాకు ఇంకోటి పట్టుకుంది. ఆ తర్వాత నేను మెట్లు దిగలేకపోయాను. మా ఇంటి అరుగు దిగాలన్నా గోడ పట్టుకునేవాణ్ణి. లారీ హారన్ వినబడితే చెవులు మూసుకునేవాణ్ణి. బడి తెరిచారు, కాలేజీలో చేరాలి. నేను కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసేవాణ్ణి. ఒక రోజు పొయ్యి మీద కుక్కర్ ఉంది. అది కూత వేసింది. నేను లేచి వాకిట్లోకి పరుగెత్తాను. అత్త అప్పటికే అక్కడ ఉంది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ఆమె నా వైపు తిరిగి చూసిన చూపు మరిచిపోలేను. నా కాలు అదిమి పట్టుకుని దవాఖానకు పరుగెత్తినప్పుడు కూడా ఆమె ముఖం అంత నల్లబడలేదు.

బాపు క్యాసెట్టు పంపాడు. అప్పట్లో దుబాయి వాళ్ళ మాటలన్నీ క్యాసెట్లలోనే వచ్చేవి. సైకిల్ అమ్మేయండి, మళ్ళీ ఎక్కితే ఊరుకోను అని గట్టిగా చెప్పాడు. అమ్మ కూడా సరేనంది. జవాబు రికార్డు చేసేటప్పుడు అత్త టేపు రికార్డర్ ముందుకు వచ్చింది. కరెంటు వస్తువని ఎన్నడూ దాని దగ్గరికి రానిది, కొంగు చేతికి చుట్టుకుని వచ్చి కూర్చుంది.

"తమ్మీ, అమ్ముడు వద్దు. పోరడు నా లెక్క అయితున్నడు. నేను బతికిన బతుకు నీకు తెల్సు, లారీకి దడుసుకుంట, కుక్కర్‌కు దడుసుకుంట. గా బతుకు వీనికి వద్దు. భయం ఉండాలె గని, ఇంత ఉండద్దు."

తర్వాత నన్ను కూర్చోబెట్టి కొత్త కొలత తీసింది. ఈసారి తలకు టోపీ, రెండు మోకాళ్ళకు, రెండు అరచేతులకు. అంతే. పట్టీలు పలచగా, మోకాలు మడతపడేలా కుట్టింది. మోచేతులకు వద్దా అని నేనే అడిగాను. నాకే ఇంకా కావాలనిపించింది. ఒంటి నిండా కట్టమని ఏడవాలనిపించింది.

"గింతవరకు నేను కుడుత. మిగిలిన ఒంటికి నీ భయమే బట్ట. గది ఇడువకు, గదాన్నే కప్పుకొని పండుకోకు" అంది.

జాతర వెళ్ళిపోయింది. మెట్ల మీది సున్నం వానలకు కొట్టుకుపోయింది. పొద్దున్నే సైకిల్ తోసుకుంటూ గొర్ల బాట ఎక్కాను. అత్త గుట్ట కింద నిలబడింది. పై నుంచి చూస్తే ఆమె నా వైపు వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి ఉంది. చూడలేకపోతోంది. పోనీ ఇంటికైనా పోలేదు. రెండు బ్రేకులూ బిగించి పట్టుకున్నాను. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. ఆమె కూడా కదల్లేదు. చివరికి బ్రేకు మెల్లగా వదిలాను. బండలు, ముళ్ళపొదలు, మెట్లు కలిసే మలుపు, అక్కడ కన్నీళ్ళు వచ్చేశాయి, అయినా కాలు ఎక్కడ ఉందో తెలుస్తూనే ఉంది. కిందికి వచ్చి ఆమె వెనక ఆగాను.

"దిగినవా?" అంది, తిరగకుండానే.

"దిగిన అత్తా."

"నీ కాళ్ళ మీద నిలబడ్డవా?"

"నిలబడ్డ."

అప్పుడు తిరిగింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. దాన్ని తీసి నా ముఖం తుడిచి, "నడువు, ఆకలైతుంది" అంది. ఆ తర్వాత నేను ఆ గుట్ట చాలాసార్లు దిగాను. ఒక్కసారి కూడా ఆమె చూడలేదు, ఒక్కసారి కూడా రావడం మానలేదు. తన భయాలు మాత్రం చివరిదాకా తనవే. మొన్నటి పండక్కి పోయినప్పుడు కూడా స్విచ్చి నన్నే వేయమంది.

కొరివి నేనే పెట్టాను. చితి అంటుకున్నాక కులపెద్ద ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఇగ ఎనుకకు మర్లి చూడద్దు బిడ్డా, నడువు" అన్నాడు. నడిచాను. వెనక కట్టెలు చిటపటమంటున్నాయి. మంట అంటే ఆమెకు ఎంత భయమో నాకు తెలుసు. కొంత దూరం పోయాక నా కాళ్ళు ఆగిపోయాయి. తల తిప్పలేదు. "అత్తా, దిగినవా?" అన్నాను. ముందు నడుస్తున్నవాళ్ళు ఆగి నా వైపు చూశారు. జవాబు కోసం కాసేపు అట్లాగే, ఆమె వైపు వీపు పెట్టి నిలబడ్డాను.