అమ్మవారి కొలతలు

వీధిలో ఆమెను అందరూ మిషనక్క అనేవారు. భర్త పోయాక ఆమెకు మిగిలింది అత్తగారి కుట్టుమిషను. దాంతోపాటే సంక్రమించిన పని ఇంకొకటుంది: వీధి చివరి పాత రాతిగుడిలో అమ్మవారికి బట్టలు కుట్టడం.

గుడి చిన్నది. ఎన్ని వందల ఏళ్ల నాటిదో, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. బాగా వంగితే తప్ప గర్భగుడి గడప దాటలేరు, ఆ దాటేదీ పంతులుగారొక్కరే. మిషనక్క మండపంలో నున్నటి స్తంభానికి ఆనుకుని కూర్చునేది. ఆయన లోపల కొలిచిన నూలుపోగు తెచ్చి ఇచ్చేవారు.

"నడుం దగ్గర కాస్త వదులు పెట్టమ్మాయ్."

"అమ్మవారు ఒళ్లు చేసినట్టుంది లెండి."

తెర వేసి అలంకరించేవారు. తెర తీశాక హారతి వెలుగులో ఆమెకు కనిపించేవి అమ్మవారి ముఖం, తన కుట్టు. ఆమె మనిషితో నవ్వి మాట్లాడేది ఆ కాసేపే.

ఒక వానాకాలం గర్భగుడి పైకప్పు బండ పగిలింది. అధికారులు విగ్రహాన్ని మ్యూజియానికి తరలించి, గుడికి తాళం వేశారు. పంతులుగారు వేరే ఊరి గుడికి వెళ్లిపోయారు.

మిషనక్క ఉండబట్టలేక, పాత కొలతలతోనే ఆకుపచ్చ పట్టుపావడా కుట్టి బస్సెక్కింది.

గాజుపెట్టెలో అమ్మవారిని చూసి తల దించుకుంది. కాపలా అమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఏమైంది పిన్నీ?"

"బట్ట లేకుండా నిలబెట్టారేంటమ్మా? ఇది కట్టనివ్వు."

"పెట్టె తెరవనివ్వరు పిన్నీ. అయినా చీర ఉందిగా, దగ్గరికెళ్లి చూడండి."

చూసింది. నడుం నుంచి మడమల దాకా సన్నటి కుచ్చిళ్లు, అంచున పూలు, అన్నీ రాతిలోనే. పెట్టె వెనకవైపుకు వెళ్లి చూస్తే ముడి కూడా చెక్కి ఉంది. శిల్పి తనకు చేయడానికేమీ మిగల్చలేదు.

సాయంత్రం పంతులుగారికి ఫోన్ చేసింది.

"అమ్మవారికి చీర ఉందట. ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేమండీ?"



"పొద్దున్నే ముట్టుకుంటే ఆ రాయి మంచులా ఉండేదమ్మాయ్. నువ్వు కుట్టింది కట్టాక నా మనసు కుదుటపడేది. అంతే."

"ఇప్పుడూ అంత చల్లగానే ఉంటుందంటారా?"

"ఇప్పుడు నాకేం తెలుస్తుంది?"

మిషనక్క ఫోన్ పెట్టేసి, ఎదురింటివాళ్లు ఇచ్చిన కిటికీ తెరలకు అంచు కుడుతూ కూర్చుంది.