చిన్న మైకే మంచిగుంది

మా ఆయనకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు చీము కారి పోయిందట. ఫొటో స్టూడియో నడిపినన్నాళ్లూ దానితో ఇబ్బంది రాలేదు, ఫొటో మాట్లాడదు కదా. ఎనభైల చివర్లో, దుబాయి నుంచి వచ్చిన ఒకాయన దగ్గర చేతిలో ఇమిడేంత వీడియో కెమెరా కొన్నాకే చెవుల అవసరం పడింది.

దాంతో తీసిన మొదటి పెళ్లి మొగుడంపల్లిలో. క్యాసెట్ చూసుకున్న పెళ్లికూతురు తండ్రి మా ఇంటికే వచ్చి, "పెండ్లి కనవడుతుంది గని ఇనవడుతలేదు" అన్నాడు. నిజమే. కెమెరాలోనే ఉన్న మైకు దాని మోటారు గుర్రుమనడాన్నీ, పక్కవాళ్ల దగ్గునూ పట్టింది. బీదర్ నుంచి వచ్చిన బ్యాండును మొత్తం పట్టింది. పంతులు మంత్రాలను మాత్రం వదిలేసింది.

నెల తిరక్కుండా మా ఆడబిడ్డ పెళ్లి. ఇంటి పెళ్లి కూడా మూగదైతే ఇక మనల్ని ఎవరూ పిలవరని ఆయన భయం. హైదరాబాదు వెళ్లి, తెలిసిన దుకాణంలో బతిమాలి, విడిగా తగిలించే మైకులు రెండు తెచ్చారు. పరీక్షించి ఒకటి ఉంచుకోవాలి, ఒకటి వాపసివ్వాలి. ఒకటి మూరెడు పొడుగు. కెమెరా మీద బిగిస్తే, ఎటు తిప్పితే అటు మాటలు పడతాయి. రెండోది చిక్కుడు గింజంత. బట్టకు క్లిప్పుతో పెట్టుకోవాలి, దాని వైరు కెమెరా దాకా పాకుతూ వస్తుంది.

"వదినెతోని ఒక పాట పాడిపిస్తే తెలుస్తది" అన్నారు ఆయన. అక్కడే నాకు కడుపు మండింది.

వదినె అంటే మా బావగారి భార్య, నాకు యారాలు. అక్కా అని పిలిచేదాన్ని. మంగళహారతి అయినా, నలుగు పాటైనా ఆమె అందుకోవాల్సిందే. రోడ్డు మీద చెరుకు లారీలు హారన్ కొడుతున్నా ఆమె గొంతు వాటి మీదుగా వినబడేది. నేనూ పాడేదాన్నే. రాయికోడ్‌లో మా బడిలో ప్రార్థన నాదే. కానీ ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒక హారతికి నోరు తెరిస్తే, మా అత్త "పెద్దకోడల్ని అందుకోనియ్యి" అంది. అంతే, నలుగురిలో మళ్లీ తెరవలేదు. ఏడేళ్లుగా ఎవరు ఆమె పాటను మెచ్చుకున్నా నన్ను తిట్టినట్టే ఉండేది. ఆమెకు జలుబు చేసి గొంతు బొంగురుపోతే ఆ వారమంతా నేను హాయిగా వంట చేశాను. ఇదీ నా బుద్ధి.

పెరట్లో అక్క అదే పాటను రెండు మైకులతోనూ పాడింది. తర్వాత టీవీకి తగిలించి ముగ్గురం విన్నాం. పొడుగు మైకులో ఆమె గొంతు కడిగిన ఇత్తడి బిందెలా ఉంది. చిన్నదాంట్లో గాజులు, కొంగు రాపిడి, ఊపిరి, వాటి మధ్య పాట. మా ఆయన కళ్లు మూసుకుని, కుడి చెవి టీవీకి ఆనించి విన్నారు. నా మాట ఏదీ ఆయన కళ్లు మూసుకుని వినలేదు.

"నాకు రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి. ఏది మంచిగున్నదో నువ్వు చెప్పు. నీ చెవులే గద నాకు" అన్నారు.

ఏది మంచిదో చెప్పడానికి క్షణం పట్టదు. కానీ పెళ్లిలో అప్పగింతల పాట ఆమె పాడుతుంది, అది క్యాసెట్లో పడుతుంది, వచ్చిన చుట్టమల్లా వేయించుకుని వింటాడు. నేను చచ్చేదాకా వినాలి.

"చిన్న మైకే మంచిగుంది. అక్క గొంతు పక్కనే ఉన్నట్టు ఇనవడుతుంది" అన్నాను.

అక్క నా పక్కనే కూర్చుని ఉంది. మర్నాడు పొడుగుది హైదరాబాదు బస్సెక్కింది. పరీక్ష క్యాసెట్ మీదే పెళ్లి తీశారు కాబట్టి, ఆ ఇత్తడి బిందె లాంటి పాట కూడా చెరిగిపోయింది.

పెళ్లిరోజు ఆమెకు మైకు తగిలించింది నేనే. కావాలనే పట్టుచీర బిరుసు మడత కింద పెట్టాను. అప్పగింతల వేళకు, సారె సర్దాలన్న వంకతో వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

పది రోజులకు, ఒక ఆదివారం పొద్దున, ముందు గదిలో అందరం కూర్చుని క్యాసెట్ చూశాం. అప్పగింతలు వస్తుంటే పాట ఎట్లా పాడైందో వినాలని నేను ముందుకు జరిగాను. పాటకు ముందు చీర గరగర. ఆ గరగరలో అక్క గుసగుస, మన చెవిలో చెప్పినంత దగ్గరగా.

"అత్తమ్మా, జర చెల్లెను పిలువుండ్రి. దాని గొంతు నాకంటె తియ్యగుంటది. పొయ్యికాడ ఒక్కతే పాడుకుంటుంటె ఇంటున్న గద. నేను అందుకుంటె అది ముందుకు రాదు."

"ఆమె పనిల ఉన్నది, నువ్వు పాడు" అని అత్త గొంతు. తర్వాత గాజుల చప్పుడు మధ్య పాట.

గదిలో ఎవరూ నా వైపు చూడలేదు, అందువల్ల అందరూ చూస్తున్నట్టే అనిపించింది. మా ఆయన ఒక్కరే సంతోషంగా తలూపారు. "నువ్వు చెప్పిందే నిజం. చిన్న మైకే మంచిగుంది. గుసగుస గుడ ఎట్ల పట్టిందో సూడు."

నేను లేచి వంటింట్లోకి పోయాను. అక్క నా వెనకే వచ్చి, పీట మీద కూర్చుని అల్లం పొట్టు గీకసాగింది.

"పొడుగుదే మంచిగుండె గదా చెల్లె" అంది, తలెత్తకుండానే.

"మరి అప్పుడే ఎందుకు చెప్పకపోయినవ్?"

"మరిది నిన్నడిగిండు. నన్నడగలే." కాసేపు అల్లం గీకింది. "మీ బావ ఇన్నేండ్లల్ల కూరల ఉప్పు సరిపోయిందా అని గుడ నన్ను అడగలేదు. ఏది మంచిదో చెప్పు అని మరిది నీ మొకం దిక్కు సూస్తుంటె, నాకు ఎంత కుళ్లో నీకేం ఎరుక."

ఆయన అడగడం ఒక సొమ్మని నాకు ఎన్నడూ తోచలేదు. విసుక్కుంటూ చెప్పేదాన్ని.

అంతలో ముందు గదిలోంచి ఆయన పిలిచారు. "పాట మల్ల ఏస్తున్న. సౌండ్ సరిపోయిందా, జర వచ్చి ఇని చెప్పు."

"నాకు చేతులు ఖాళీ లేవు. అక్కనడుగుండ్రి" అన్నాను. నా చేతుల్లో ఏమీ లేదు.

అక్క నన్ను ఒకసారి చూసి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వెళ్లింది. "చెప్పు వదినె, ఎట్లున్నది" అని ఆయన అడగడం, ఆమె నింపాదిగా "జర తక్కువ చెయ్యి" అనడం వినబడ్డాయి. నేను అల్లం పీట దగ్గర కూర్చున్నాను. పంపింది నేనే. అయినా లోపల కలుక్కుమంది.