మెట్ల కింద పాత ఫ్రెంచి సీసాలు

పోయిన గురువారం పొద్దున్నే మా మేనత్తగారి పక్కింటి మాస్టారు ఫోన్ చేసి, "అత్తయ్యగారు వెళ్లిపోయేరమ్మా. నిద్రలోనే," అన్నారు. అమలాపురంలో ఆవిడ దగ్గర చదువుకున్న ఆడవాళ్లెందరో సమాధి దాకా నడిచొచ్చి, హెడ్‌మిస్ట్రెస్‌ గారిని తలుచుకుని ఏడ్చారు. ఆ గౌరవం ఆవిడకి దక్కాల్సిందే. కానీ నేను గొప్పగా చెప్పుకోదలిచింది ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి నిలవ ఉన్న ఫ్రెంచి వైన్‌ని వరండాలో కూర్చుని వాసన పట్టి, దాని గుణమంతా మన తెలుగులో చెప్పగలిగిన మనిషి మా అత్తయ్యగారు. కోనసీమలో అలాంటివాళ్లు ఇంకొకరుంటే చూపించండి, ఒప్పుకుంటాను.

ఆ రుచి మావయ్యగారు అలవాటు చేసింది. ఆయనది యానాం. ఫ్రాన్సు సైన్యంలో పనిచేసేవారు. సెలవుకి వచ్చినప్పుడల్లా సీసాలు బట్టల్లో చుట్టుకుని తెచ్చేవారు. అక్కడివాళ్లు వాటిని నేలమాళిగల్లో పడుకోబెడతారట. మన దగ్గర నాలుగు గుణపం పోట్లు వేస్తే నీళ్లు ఊరతాయి, ఇక నేలమాళిగ ఎక్కడ కట్టేది? అత్తయ్యగారే ఆలోచించి, మెట్ల కింద గదిలో సిమెంటు తొట్టి కట్టించి, తడిపిన కొబ్బరి పొట్టులో సీసాల్ని పడుకోబెట్టారు. రోజూ ప్రార్థన కాగానే చెంబుడు నీళ్లు చల్లేవారు. రోహిణి కార్తెలో కూడా ఆ గదిలో అడుగుపెడితే పాదాలు చల్లబడేవి. చిక్కల్లా ఏమిటంటే, ఆ తడికి సీసాల మీది కాగితాలన్నీ నాని ఊడిపోయాయి. ఏది ఏ ఊరిదో, ఏ ఏటిదో చెప్పే ఆనవాలే లేదు. మావయ్యగారు తల పట్టుకుంటే, ముక్కుంది కదా అన్నారట ఈవిడ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యి, ఎండ తగ్గాక వరండాలో గ్లాసులు పెట్టేవారు. సంఘంలో ఒకరిద్దరు ఆడవాళ్లు మందలించడానికి వచ్చారు. "తలుపేసుకుని చేసేది ఏదైనా తాగుడేనండి. నేను తలుపు తీసే కూర్చున్నాను. రండి, కూర్చోండి," అన్నారు అత్తయ్యగారు. ఒకావిడ నిజంగానే కూర్చుంది. మనిషికి ఒక్క గ్లాసు, అంతే. రెండోది అడిగితే మజ్జిగ ఇచ్చేవారు.

వాసన చెప్పడంలో ఆవిడది ఒకటే పట్టుదల. నీ ముక్కు ఎరిగిందే చెప్పాలి. ఎక్కడో చదివిన సీమ పండు పేరు ఎత్తితే, ఆ పండు నువ్వెప్పుడు తిన్నావే అని నిలదీసేవారు. అలా ఆ వరండాలో ఫ్రెంచి వైన్ లంక పొగాకు వాసన, ఎండిన నేరేడు వాసన, తాండ్ర వాసన, కొత్త కుండలో నీళ్ల వాసన వేసేది. పక్కింటి మాస్టారిది వేదం చదువుకున్న కుటుంబం, చుక్క ముట్టరు. వాసనకి దోషం లేదండీ అంటూ వారం వారం వచ్చి, గ్లాసులో ముక్కు పెట్టి, గ్లాసు అలాగే తిరిగి ఇచ్చేసేవారు. మా తమ్ముడైతే మొదటిసారి సీసాని దగ్గు మందులా బాగా గిలకొట్టి మరీ తెచ్చాడు. ఏళ్లుగా అడుగున పేరుకున్న మడ్డంతా పైకి లేచింది. అత్తయ్యగారు కోప్పడలేదు. సీసాని ఓ మూల నిలబెట్టి, వచ్చే ఆదివారం దాకా నువ్వూ అదీ కుదురుగా ఉండండిరా అన్నారు.

ఆ తొట్టిలో ఆవిడ ప్రాణం పెట్టుకున్న సీసా ఒకటుండేది. తమ పెళ్లయిన ఏటి పంటతో చేసిన వైన్ రెండు సీసాలు మావయ్యగారు ఎక్కడెక్కడో వెతికి తెచ్చారు. ఒకటి ఆయన రిటైరైన రోజున ఇద్దరూ తాగారు. రెండోది, ఇద్దరిలో వెనక మిగిలినవాళ్లు తెరవాలని ఒప్పందం. మావయ్యగారు పోయాక, అది ఎప్పుడు ఎదురైనా వాసనని బట్టి పోల్చుకుంటానని ఆవిడ ధీమా. ఇంతలో ఒక పాడు జ్వరం వచ్చి ఆ ముక్కునే పట్టుకుపోయింది. పోపు మాడినా తెలిసేది కాదు. మల్లెపూలు చేతికిస్తే, పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నారు. అప్పటికి తొట్టిలో మూడే సీసాలు మిగిలాయి, అది ఇంకా తగల్లేదు.

ఇక మీరే నా ముక్కు అన్నారు మాతో. ఆ వాసన ఎలా ఉంటుందో ముందే చెప్పమని నేను బతిమాలాను.

"చెబితే నన్ను సంతోషపెట్టడానికి అదే అంటారు. నాకు అబద్ధం వద్దమ్మాయ్."

మొదటిది పులిసిపోయింది. రెండోది బ్రహ్మాండంగా ఉంది, కానీ మేం చెప్పిందంతా విని ఆవిడ తల అడ్డంగా ఊపారు. మూడోది కూడా కాకపోతే, ఆ పులిసిపోయిందే మావయ్యగారిదన్నమాట. ఇన్నేళ్లు నీళ్లు చల్లి కాపాడిందంతా బూడిదపాలు.

మొన్న దసరా సెలవుల్లో దాన్ని తీశాం. తమ్ముడు పుట్టగొడుగులన్నాడు. నేను లంక పొగాకన్నాను. అత్తయ్యగారి ముఖంలో ఏ మార్పూ లేదు. మాస్టారు గ్లాసు అందుకుని, చాలాసేపు వాసన చూశారు.

"పాత హార్మోనియం మూత తీసినప్పుడు వస్తుంది చూడండి, చెక్కా తోలూ కలిసిపోయి. ఆ వాసనండీ."

"ఆయ్," అన్నారు అత్తయ్యగారు. "రిటైరైన రోజున ఆయనా ఇదే మాటన్నారండి. అయితే పాడవకుండానే కాపాడేనన్నమాట," అన్నారు.

అంత గర్వం ఆవిడ గొంతులో నేనెప్పుడూ వినలేదు. ఆవిడ మేనకోడల్ని అయినందుకు నాకూ అంతే గర్వమేసింది.

ఆవిడ గ్లాసు పెదాలకి ఆనించి, కళ్లు మూసుకుని, మాస్టారిని మళ్లీ చెప్పమన్నారు. ఆయన తన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తోస్తున్నది తోస్తున్నట్టు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ ఆయన మాటకో గుక్క చొప్పున తాగుతున్నారు. ఆయన ఒక్క చుక్క ముట్టలేదు, ఆవిడకి ఏ వాసనా అందలేదు. ఇద్దరూ కలిసి ఆ గ్లాసు పూర్తి చేశారు.