నా పెనం మీది నలుపు

ఇవాళ క్లాసు నుంచి సింగపూర్ టాంపినీస్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేసరికి, నా పోత ఇనప పెనం వంటింట్లో తళతళా మెరుస్తోంది. నా ప్రాణం ఉసూరుమంది. నెలల తరబడి ఆదివారాలు బేకన్ వేయించి, కారిన కొవ్వును సీసాలో దాచి, పలచగా పూసి కాల్చి, దానికి నల్లటి పొర తెచ్చుకున్నాను.

ఫ్లాట్ స్రవంతక్క పేరు మీద ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నాకో గది అద్దెకిచ్చింది.

"ఎంత జిడ్డు పట్టించావే దానికి! స్టీలు పీచుతో గంటసేపు తోమాను," అంది, నేను సంతోషిస్తాననుకుని.

"జిడ్డు కాదక్కా, బేకన్ కొవ్వుతో కట్టిన పొర. అదుంటేనే అట్టు అంటుకోదు."

"బేకనా? అంటే పందే కదే! ఒట్టి చేతుల్తో తోమానే!"

సింకు దగ్గరికి పరుగెత్తి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూనే తీర్పు చెప్పింది. "ఆ సీసా ఇప్పుడే పారెయ్. లేదా వేరే గది చూసుకో."

"ఆ పెనం మీ వంటకి ఏనాడూ వాడలేదక్కా. సీసా మాత్రం పారెయ్యను. గది చూసుకోమంటే చూసుకుంటా."

అనేశాక మాట వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు కిటికీ తెరిచి, పెనానికి మళ్లీ మొదటి పూత పూసి కాలుస్తున్నాను. అక్క తన గది తలుపేసుకుని, కింది సందులో తువ్వాలు కుక్కింది. పొమ్మని మాత్రం ఇంకా అనలేదు.

ఆమెదే న్యాయమనేవాళ్లు కింద కామెంట్లలో రాయండి. అన్నీ చదువుతాను, రెండో పూత పూస్తూ.