సాల్మన్ చేనులో డెన్మార్క్

సాల్మన్ ముప్పై రెండేళ్లు మందమర్రి బొగ్గుబావుల్లో షాట్‌ఫైరర్‌గా చేశాడు. బొగ్గుగోడ బెజ్జంలో మందు దట్టించడం, తడి మట్టి ముద్దతో మూతి మూయడం, అందరినీ దూరం పంపి పేల్చడం ఆయన పని. రిటైరయ్యాక నస్పూర్ అవతల ఎకరం చేను కొని ఎనిమిది పందులను తెచ్చుకున్నాడు. ఈ వయసులో పందులేమిటని చర్చిలో కొందరు నవ్వారు. నవ్వితే నవ్వారు. పొద్దున్నే కీర్తన పాడుకుంటూ దొడ్డి కడుగుతుంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

చిక్కల్లా ఒక్కటే. దొడ్డి ఉన్న జాగా పక్క రైతు పోశంది. ఊరికే వాడుకోనిచ్చాడు గానీ, ఇప్పుడు వాసనకు విసిగిపోయాడు.

"సాల్మనన్నా, పందుల ఎరువు ముంగట యూరియా పనికిరాదంటివి. నిరుడు నీ మక్కచేనుకు కామెర్లు వచ్చినట్టాయె. వాసన మాకు, పంట ఎవ్వలికీ లేకపాయె. ఈసారి గూడ చేను పసుపుబారిందనుకో, దొడ్డి లేపుడే!"

సాల్మన్ ఎరువు తక్కువేమీ వేయలేదు. విత్తే ముందు దొడ్డి పక్క గుంతలోని పెంటనీళ్లు మొక్కజొన్న చేనంతా చల్లి, మూడు రోజులు ఎండకు వదిలేసేవాడు. పందుల పెంట వేడి, ఆ వేడి ఎండకు పోకపోతే మొలక మాడుతుందని ఆయన మామ చెప్పాడు. ఎందుకని ఈయన ఎన్నడూ అడగలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక తమ్ముడి కూతురు స్తుతి అన్నానికి వచ్చింది. ఆమె వ్యవసాయ విస్తరణ అధికారి. తింటూ తింటూ ఫోన్ తీసింది.

"పెద్దబాపూ, గిది చూడు. పందుల ఎరువు చల్లినంక నత్రజని ఏ దేశంల ఎంత గాలికి పోతుందో లెక్క కట్టిండ్రు."

"మనది ఎన్నో నంబరు?"

"మనది గిండ్ల లేదు. అందరు ఐరోపోళ్లే."

"ఉంటే మనమే ఫస్టు," అంది కూర వడ్డిస్తున్న భార్య దెబోరా. "ఈయన చల్లితే మూడు దినాలు మూడు గల్లీలు ముక్కు మూసుకోవాలె."

స్తుతి నవ్వలేదు. "నిజమే పెద్దమ్మా. గా వాసనలనే నత్రజని ఉన్నది. అమ్మోనియా గ్యాస్ అయి లేచిపోతది. డెన్మార్కోళ్లు, నెదర్లాండ్సోళ్లు పైన ఎగజల్లుడు బంద్ చేసిండ్రు. నేల చీరి లోపటికి పోస్తరు. పైన్నే వదిలేసే కాడ ఎక్కువ పోతది. ఎండ ఉంటే ఇంక ఎక్కువ."

సాల్మన్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. గ్యాస్ సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా? బెజ్జానికి మట్టి సరిగ్గా పెట్టకపోతే మందు బలమంతా మూతి నుంచే ఎగిరిపోతుంది. చప్పుడు వస్తుంది, బొగ్గు రాలదు.

"అంటే గిన్నేండ్లు మట్టి పెట్టకుండ పేల్చిన్నా!" అని ఎంగిలి చేత్తోనే లేచాడు.

"కూసో," అంది దెబోరా. "మొలకలు మాడితే ఎట్ల? దొడ్డి పోతే పందులను యాడ పెడ్తవ్, మంచం కిందనా?"

చివరికి సగం సగం అనుకున్నారు. సగం చేనులో ఎప్పటిలాగే చల్లడం, సగంలో సాలు తీసి పోసి కప్పడం. విత్తనం ఎరువుకు జానెడు దూరంలో వేయాలని స్తుతి చెప్పింది. రెండు సగాలకూ సమానంగా పెంటనీళ్ల డబ్బాలు. సాల్మన్ రెండు చెక్కముక్కల మీద సుద్దతో రాసి, చల్లే సగంలో నస్పూర్, కప్పే సగంలో డెన్మార్క్ పాతాడు.

ఎండ తగ్గాక డెన్మార్క్ పని మొదలైంది. ఆయన పోస్తుంటే వెనకే దెబోరా పారతో మట్టి లాగింది. పోశం ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని వచ్చాడు. అప్పటికే చల్లిన నస్పూర్ సగం దాటి ఇటు రాగానే తువ్వాల తీసేశాడు.

"గిటు దిక్కు ఏం పొయ్యలేవా?"

"పోస్తున్న, చూడరాదు!" సాల్మన్ తర్వాతి సాలులో డబ్బా వంచాడు. వాసన గుప్పున లేచింది. మట్టి పడగానే ఆగింది. పోశం గట్టు మీద కూర్చుని చివరి డబ్బా దాకా చూశాడు.

విత్తనం వేసి నలభై రోజులు గడిచాయి. నస్పూర్‌లో ఆకులు కొసల నుంచి పసుపుబారాయి. డెన్మార్క్ మాత్రం ముదురుపచ్చగా, దట్టంగా నడుము దాటింది. పోశం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఒక ఆకు పట్టి చూశాడు.

"అన్నా, కోపం చెయ్యకు. గిటు దిక్కు యూరియా ఏసినవా?"

సాల్మన్ మొహం నల్లబడింది. బైబిల్ మీద ఒట్టేయబోయాడు.

"ఒట్లు మనకొద్దు," అని దెబోరా అడ్డం వచ్చింది. "పోశం, నీ ముక్కునే అడుగు. ఆ దినం మట్టి కప్పినంక గిటు దిక్కు వాసన వచ్చిందా?"

"రాలే."

"పోసింది నీ కండ్లతోటే చూస్తివి. మరి పైకి పోలేదంటే యాడికి పోయినట్టు?"

పోశం మళ్లీ చేను వైపు చూశాడు. తర్వాత నస్పూర్ చెక్కను కాలితో తట్టాడు.

"సగం అయితే పసుపుబారింది గద. మాటంటే మాట. సగం దొడ్డి పీకు."

సాల్మన్ గాభరాగా దొడ్డి వైపు తిరిగాడు. పోశం నవ్వు ఆపుకోలేకపోయాడు. "అరే, పరేషాన్ గాకు! దొడ్డి ఆణ్నే ఉండనీ. యాసంగికి నా అరెకరంల డెన్మార్క్ పెట్టాలె. మట్టి నేనే కప్పుత, నిన్ను నమ్మ."

అన్నట్టే చలికాలం యాసంగి పంటకు పోశం పార పట్టుకుని వచ్చాడు. సాల్మన్ పోస్తే ఆయన కప్పాడు.

"జర గట్టిగ," అంటూ వెంటపడ్డాడు సాల్మన్. "మూతి కాడ సందు వదిలినవ్ సూడు."

పోశం విసుక్కుంటూ మడమతో తొక్కాడు. సాల్మన్ మోకాళ్ల మీద వంగి, సాలు మీద ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. మట్టి వాసన తప్ప ఏమీ లేదు. దొడ్డిలో పందులు తిండి కోసం అరుస్తున్నాయి.

లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇగ పేల్చొచ్చు," అన్నాడు.