బూడిదరంగు పెళ్లిచీర

మా బిడ్డ పెళ్లిచీర నా చేత్తో ఎంచాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, ఏ దుకాణంలోనైనా నోరు విప్పి అడగగలననే ధీమా. నిజాంపేటలో బయల్దేరి, హైటెక్ సిటీలో ఆఫీసు ముందు బిడ్డను ఎక్కించుకుని, బంజారాహిల్స్‌లో ఆ ఖరీదైన రోడ్డు మీద క్యాబ్ దిగాం.

ఒకప్పటి నవాబుల బంగళాలు అక్కడ ఇప్పుడు ఒక్కోటీ ఒక్కో షోరూం. మేం వెళ్లింది కూడా అలాంటి బంగళాకే. చీరల దుకాణమంటే నాకు తెలిసింది ఒకటే: చెప్పులు బయట విడవాలి, తెల్లటి పరుపు మీద కూర్చోవాలి, నచ్చిన చీర కొంగు పిల్ల భుజాన వేసి చూడాలి. అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడిచాను.

పాలరాతి మీద నాలుగడుగులు వేశానో లేదో, సెక్యూరిటీ అతను నా చెప్పులు పట్టుకుని వెనకే వచ్చాడు.

"మేడమ్, ఇవి మీవేనా? లోపలికి వేసుకోవచ్చు."

మర్యాదగానే అన్నాడు, పాపం. కానీ అక్కడున్న వాళ్లంతా నా పగిలిన మడమల వంకే చూశారు.

"ఏందమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్! జల్ది ఏసుకో" అంది బిడ్డ పళ్లు బిగించి. ఛీ, అక్కడికక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

చెప్పులు వేసుకుని, సోఫా అంచున ఒదిగి కూర్చున్నాను. సన్న జరీ అంచున్న ఎర్ర చీర ఒకటి విప్పారు. అబ్బ, నా బిడ్డ కోసమే నేసినట్టుంది! చెయ్యి చాపి, ముట్టుకోవచ్చో లేదోనని వెనక్కి తీసుకున్నాను. ఇంతలో సేల్స్ అమ్మాయి బూడిదరంగు చీర తెచ్చి, "ఇప్పుడు పెళ్లికూతుళ్లంతా ఇదే అడుగుతున్నారండీ" అంది.

"ఎట్లుందమ్మా?" అనడిగింది బిడ్డ.

పెళ్లికి బూడిదరంగేమిటి, నా మొహం! కానీ మళ్లీ ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందో. "మంచిగుంది" అన్నాను. అదే ప్యాక్ చేయించింది.

తిరుగుదారిలో క్యాబ్ సిగ్నల్ దగ్గర ఆగింది. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"గట్ల అరిసిన, ఏమనుకోకమ్మా. నాకైతే ఎర్రదే నచ్చింది. నువ్వు మంచిగుందన్నవని ఇది తీస్కున్న."

నడువ్, వాపస్ పోయి మార్చుకుందాం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మళ్లీ ఆ గుమ్మం, ఆ చూపులు! సిగ్గుతో తల పైకి లేవలేదు.

"గిదే మంచిగుంది లే, బిడ్డా" అన్నాను.