ఒకే దిక్కు చూసిన ఫోటోలు

మొన్న కోరుట్ల బస్టాండు పక్క సందులో తడిసిన తునికాకు వాసన మళ్లీ తగిలింది. తగిలింది ముక్కుకు, చెమ్మగిల్లింది ఎడమ కన్ను. నా ముఖంలో జ్ఞాపకశక్తి కాస్త ఉన్నది ఆ కన్నుకే.

రుద్రంగిలో మా వాకిట్లో ఎండాకాలమంతా ఆ వగరు వాసనే. నానిన ఆకును గోనెసంచిలో చుట్టి ఉంచి, మేము మక్కగట్క తిని లేచేలోగా అవ్వ, అదే మా అమ్మ, చాట ముందేసుకుని, ఆకు మీద రేకు ఆనించి, బీడీ కొలతకు కత్తెరతో చకచకా కత్తిరించేది. బాపు దుబాయికి పోయిన మరుసటి ఏడు, ఆరేళ్ల నేను వెనక నుంచి ఆమె భుజం మీద వాలి తొంగిచూశాను. కత్తెర మొన కంటి బయటి కొసను చీల్చింది. గుడ్డుకేమీ కాలేదు. జగిత్యాలలో కుట్లు వేయించారు. పుండు మానింది గానీ, మానుతూ మానుతూ ఆ కొసను కిందికి గుంజేసింది. రెప్ప పూర్తిగా మూతపడేది కాదు, నీరు ఆగేది కాదు. ఊళ్లో బోర్లన్నీ ఎండిన ఏడది. పోసేది నా కన్నొక్కటే. బడిలో పిల్లలు నన్ను ‘బోరుబాయి’ అన్నారు, న్యాయమే.

గల్ఫుకు పోయినవాళ్లకు చెడు కబురు పంపకూడదనేది మా దిక్కు కట్టుబాటు. విని అక్కడ ఏడవాలే తప్ప రాలేరు కదా. సెలవు మీద వచ్చినవాళ్లందరినీ అవ్వ చేతులు పట్టుకుని బతిమాలింది, వాళ్లు మాట తప్పలేదు. బతుకమ్మకొకటి, ఉగాదికొకటి బాపుకు ఫోటో పోవాలి. కోరుట్ల స్టూడియోలో కొత్త గౌనుతో, పౌడరు ముఖంతో నిలబెట్టి, మంచి చెంప ఒక్కటే కనబడేలా అవ్వ నా గదవ పట్టి ఎడమకు తిప్పేది.

“గటు సూడు, గోడ మీది గడియారం దిక్కు.”

టైము చూడటం నాకు బడిలో కాదు, అక్కడే వచ్చింది.

నాలుగో ఏడు, మచ్చ మెత్తబడ్డాక, సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు నడిపే మేనమామ మమ్మల్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెప్ప కొసను ఎముకకు పట్టి ఉంచే పట్టీ వదులైందని, దాన్ని పైకి లాగి బిగించి కుడతామని డాక్టరు చెప్పాడు.

“లాగు జారితె మొలతాడుకు బిగించినట్టే గద సారూ,” అన్నాడు మామ. డాక్టరు నవ్వాడు, అవ్వ నవ్వలేదు. కట్టు విప్పాక రెండు కళ్ల కొసలూ ఒక్క తీరుగా ఉన్నాయి. ఇక బాపుకు ఎన్నటికీ తెలియనక్కర్లేదని అవ్వ ప్రాణం కుదుటపడింది.

రెండు నెలలకు బాపు వచ్చాడు. బస్టాండులో పెట్టె దించి, ఎవరినీ పలకరించకుండా నా ముందు గొంతుకూర్చుని, అత్తరు వాసన వేసే అరచేత్తో నా కుడి కన్ను మూసి, రెండో చేయి ఎత్తాడు.

“ఇయ్యెన్ని బిడ్డా?”

“మూడు బాపూ.”

వేళ్లు మార్చి మళ్లీ అడిగాడు. రెండన్నాను. ఆయన అక్కడే దుమ్ములో కూలబడ్డాడు.

“ఆరు ఫోటోలు ఒక్క తీరుగనే ఉంటే, ఎడమ కన్ను పోయిందనే అనుకున్ననే,” అన్నాడు అవ్వతో. “అడిగితె నువ్వేడుత్తవని అడగలే.”

పోని కన్ను కోసం మూడేళ్లు దుబాయి కూలీల క్యాంపు గదిలో ఒక్కడే ఏడ్చాడన్నమాట. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు మా ముగ్గురిలో పొడిగా ఉన్నది నా ఎడమ కన్నొక్కటే.

బాపు మళ్లీ పోయాడు. తర్వాత ఆయనకు పంపిన ఫోటోలన్నింటిలో నేను కళ్లు రెండూ ఇంతింత చేసి, దొంగను పట్టినట్టు కెమెరానే చూస్తుంటాను. ఇప్పుడా స్టూడియో లేదు. అవ్వ ముందు చాట లేదు. బాపూ లేడు. ఎవరైనా ఫోటో తీస్తామంటే మాత్రం నా మెడ తనంతట తానే ఎడమకు, ఆ లేని గడియారం దిక్కు తిరుగుతుంది.